మంగత్త, చెరకుతోటలో పడిన విమానం

మంగత్త దినాల నాడు పొయ్యి వెలిగించే ముందు వంటింట్లో చిన్న పేచీ వచ్చింది. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టడం మా వైపు ఆనవాయితీ. తీరా చూస్తే ఆమెకు ఏది ఇష్టమో ఎవరికీ తెలియదు. మా తమ్ముడి భార్య వడలంది. తమ్ముడి కోడలు పాయసమంది. చివరికి తమ్ముడు, "ఏం పెట్టినా గమ్మున తినేది గదమ్మే. ఇది బాగుండాదని గానీ, ఇది బాగలేదని గానీ ఒగనాడన్నా అనిందా? అన్నీ ఇంతింత సేసేయండి" అని తేల్చేసి షామియానా వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నాకూ వాడికీ వయసులో చాలా ఎడం. వాడికి జ్ఞాపకాలు మొదలయ్యేనాటికే మంగత్త రుచి అడగని మనిషి అయిపోయింది. వాళ్లందరికీ తెలిసిన మంగత్త ఆమే. ఎదురుగా ఏ విస్తరి పెట్టినా తలవంచుకుని తిని లేచిపోయే పెద్దామె. వాళ్ల తప్పేమీ లేదు. కానీ నేను తిన్నె మీద కూర్చుని, వంటింట్లోంచి వస్తున్న తాలింపు వాసన పీలుస్తూ, వేరే మంగత్తను తలచుకుంటూ ఉండిపోయాను.

ఆ మంగత్త మా నాయనకు చెల్లెలు. రేణిగుంటకు ఇవతల, స్వర్ణముఖి ఒడ్డున మా ఊరు. ఇంటి ముందు తిన్నెలు, వెనక గొడ్ల కొట్టం, కొట్టం దాటితే బావి, బావి దాటితే చెరకుతోటలు. ఆ ఇంట్లో అవ్వ మాట చట్టమైతే, అత్త ముక్కు సాక్ష్యం. కొట్టంలో పాలు పిండుతూ పిండుతూ అక్కడినుంచే కేకేసేది, "ఒదినా, ఆవాలు మాడతా ఉండాయి, పొయ్యి తగ్గియ్!" అని. మా అమ్మ ఉలిక్కిపడి చూస్తే ఆవాలు అప్పుడే చిటపటలు ఆపి నల్లబడబోతూ ఉండేవి. మిట్టచేను వైపు నుంచి గాలి మళ్లిందంటే చాలు, వాకిట్లో ఆరబోసిన వడ్లు ఎత్తమనేది. ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా ఎత్తమనేది. ఎత్తని వాళ్ల వడ్లు తడిసేవి. నేను తిరుపతిలో కాలేజీ నుంచి సెలవులకు వస్తే గుమ్మంలోనే నన్ను దగ్గరికి లాక్కుని, తల మీద ముక్కు ఆనించి, "హాస్టల్లో కుంకుడుకాయ మానేసి ఏదో సబ్బు పూస్తా ఉండావు గదా!" అని పట్టేసేది.

బెల్లం వండే కాలంలో ఆమెను చూడాలి. సంక్రాంతి ముందర మొదలై ఎండలు ముదిరేదాకా మా గానుగ దగ్గర పెనం దిగేది కాదు. చెరకురసం మరిగి మరిగి పాకానికి వచ్చే వేళ నాయన గరిటెతో తీసి నీళ్లలో వేసి చూడబోయేవాడు. అత్త ఆయన చెయ్యి పట్టుకుని ఆపేది. పొయ్యికి కాస్త దూరంగా, కొంగు నడుముకు చుట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడేది. మొదట పచ్చిరసం వాసన, తర్వాత ఉడికిన జొన్నకంకి వాసన, ఆ తర్వాత ఇంకేదో, మాకెవరికీ పేరు తెలియని ఒక వాసన. "ఊఁ, దించండి!" అనేది. దించిన పాకం ఎప్పుడూ సరిగ్గా బంగారు రంగులో గడ్డకట్టేది. చిత్తూరు మండీలో మా బెల్లానికి పేరుండేదని నాయన గొప్పగా చెప్పేవాడు. ఆ పేరు అత్తదని అవ్వ సరిదిద్దేది.

ఆమెకు పెళ్లయిన కొన్నేళ్లకే మామ పోయాడు. వాళ్ల ఊళ్లో గట్టు మీద గడ్డి కోస్తుంటే పాము కరిచింది. తిరుపతి తీసుకుపోదామని అత్త మొత్తుకుందట. పెద్దవాళ్లు వినలేదు. మంత్రం వేసే ఆయన కోసం మనిషిని పంపి, ఆయన వచ్చేదాకా మామను వేపమండల మీద పడుకోబెట్టారు. ఆయన వచ్చేసరికి మామ లేడు. అత్త పుట్టింటికి వచ్చేసింది. ఆ మాట ఆమె మళ్లీ ఎత్తేది కాదు. మామ ఊరివాళ్లు ఎప్పుడైనా మా ఇంటికి వస్తే మాత్రం మంచినీళ్లిచ్చి, కొట్టంలోకి వెళ్లిపోయి, వాళ్లు పోయేదాకా బయటికి వచ్చేది కాదు.

ఆ ఏడు చెరకుకు పురుగు పట్టింది. ఆకుల అడుగున చేరి రసం పీల్చే చిన్న పురుగు. అది కార్చే జిగురుకు ఆకులన్నీ నల్లగా మసిబారిపోయి, తోటలోకి వెళ్లొస్తే పొయ్యి ఊడ్చినట్టు ఒళ్లంతా మసి అంటేది. చేతిపంపులతో కొట్టి కొట్టి రైతులు విసిగిపోయారు. ఆకాశం నుంచి మందు చల్లే విమానం వస్తుందని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పి వెళ్లిన రోజు మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. తర్వాత దండోరా వేశారు. గొడ్లను కట్టేసుకోండి, బావుల మీద తాటాకులు కప్పుకోండి, పిల్లలను తోటల వైపు పంపకండి అని. కార్తీకమాసం. నాకు కాలేజీ సెలవులు. ఒక పొద్దున పచ్చటి చిన్న విమానం రేణిగుంట వైపు నుంచి వచ్చి మా చెరకు తలలను తాకుతుందా అన్నంత కిందికి దిగి, వెనక తెల్లటి పొగలాంటి జల్లు వదులుతూ దూసుకుపోయింది. దాని మోతకు మా ఎద్దులు కట్టుతాళ్లు తెంపుకోబోయాయి. అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అత్త మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "కుళ్లిన ఎల్లిపాయ కంపు. మంచి మందు కాదు ఇది" అంది.

విమానం నడిపే ఆయన పేరు తివారి. ఎక్కడో గంగ ఒడ్డు ఊరు. ముప్పై నిండని మనిషి, నవ్వితే చిన్నపిల్లాడిలా ఉండేవాడు. ఆయనతో సెల్వం అని అరవాయన ఒకడు మెకానిక్. పని లేని వేళ ఇద్దరూ జీపులో వచ్చి, మరుసటి రోజు ఏ తోటలమీద తిరగాలో చూసుకునేవారు. మా ఇంటి ముందు ఆగితే అవ్వ మజ్జిగ ఇప్పించేది. తర్వాత తర్వాత మజ్జిగ కాస్తా భోజనమైంది. తివారికి సంగటి ముద్ద తినడం చేతకాక అన్నంలా నమలబోతే అత్త నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయేది. ఊరిబిండి మాత్రం ఆయనకు ప్రాణమైపోయింది. వేయించిన చెనిగ్గింజలు, ఎండుమిరపకాయలు, ఎల్లిపాయలు రోట్లో వేసి అత్త నూరే ఊరిబిండి అది. ఆయన నాతో వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడితే నేను ఇంకా వచ్చీరాని ఇంగ్లీషులో బదులు చెప్పి, అటునుంచి అత్తకు తెలుగులో చెప్పేదాన్ని. అత్తను దీదీ అని పిలిచేవాడు. అంటే అక్క అని నేను చెప్పాను. "అక్కంటనా? అయితే ఆ తమ్మునికి సెప్పు, అంత కిందికి దిగొద్దని. నా కండ్లకు కరెంటు తీగలు ఆనతా ఉండాయి, ఆ మోతలో ఆయనకు ఆనతాయో లేదో" అంది. నేను చెప్పాను. కిందికి దిగకపోతే మందు గాలికి పోతుంది దీదీ అని ఆయన నవ్వాడు.

ఆ పొద్దున నేనూ అత్తా బావి దగ్గర గుడ్డలు ఉతుకుతున్నాము. విమానం మా తోట మీద ఒకసారి పోయి, తిరిగి, మళ్లీ వచ్చింది. మోత వింటూ వింటూ అలవాటైపోయి తలెత్తి చూడటం కూడా మానేశాము. ఉన్నట్టుండి తీగ తెగిన చప్పుడు, కొరడా ఝళిపించినట్టు. పంపుసెట్టుకు పోయే కరెంటు తీగ. ఆ వెంటనే చెరకు విరుగుతున్న చప్పుడు, ఏనుగుల మంద తోటలో పడినట్టు. తర్వాత ఏ చప్పుడూ లేదు. అంతకుముందు ఆ మోత ఎంత పెద్దదో ఆ నిశ్శబ్దంలో తెలిసింది.

అత్త గుడ్డలు వదిలేసి, గట్టు మీద ఉన్న కొడవలి అందుకుని పరుగెత్తింది. నేను ఆమె వెనక. ఊరంతా వస్తోంది. నాయన ఎదురొచ్చి, "తీగ తెగి పడుండాది, ఎవురూ పోవద్దు! నేను ఫీజు పీకి వస్తా, అంతదాకా ఆగండి!" అని అరుస్తూ ట్రాన్స్‌ఫార్మర్ వైపు పరుగు తీశాడు. అందరూ గట్టు మీద ఆగిపోయారు. పెట్రోలు వాసన, దాన్ని మించి ఆ మందు కంపు. చెరకు మధ్యలో విమానం తోక ఒక్కటే పైకి లేచి కనిపిస్తోంది. ముక్కు నేలలో దిగబడిపోయి ఉంది. "అంటుకుంటాది, దగ్గరికి పోతే సస్తారు" అని ఎవరో అన్నారు. నాయన దూరం నుంచి చెయ్యి ఊపగానే అత్త చెరకు నరుక్కుంటూ లోపలికి దూరిపోయింది. ఆమె పోవడం చూసి మరో నలుగురు మగవాళ్లు కదిలారు. నేనూ వెళ్లాను. వెళ్లొద్దని అమ్మ అరిచిన అరుపు నాకు వినిపించింది, ఆగాలని మాత్రం తోచలేదు.

తివారి పట్టీలకు వేలాడుతున్నాడు. నుదురు చీలి ముఖమంతా నెత్తురు. ముందున్న మందు తొట్టి పగిలి ఆయన తల మీదనుంచి కాళ్ల దాకా తడిపేసింది. అత్త కొడవలితో పట్టీలు కోసింది. మగవాళ్లు భుజాలు పట్టి లాగారు. ఒక కాలు ఇరుక్కుంది. లాగేసరికి ఆయన వేసిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. అయినా ఆ కేక విని మాకు సంతోషమైంది, ప్రాణం ఉందని. బావి దగ్గరికి మోసుకొచ్చేసరికి సెల్వం జీపులో కాదు, ఎవరిదో సైకిలు మీద వచ్చి పడ్డాడు. జీపు మందు డ్రమ్ముల కోసం రేణిగుంట వెళ్లి ఉంది. వస్తూనే తల బాదుకుంటూ అరిచాడు, "గుడ్డలు తీసేయండి! కడగండి! విషం అది, తోలులోంచే లోపలికి పూడుస్తాది!" అని. అతని తెలుగు తప్పైనా అర్థం అందరికీ తెలిసింది. కరెంటు లేదు కాబట్టి పంపు లేదు. ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని బావి మెట్ల మీద వరసగా నిలబడ్డారు. కిందివాళ్లు ముంచి పైవాళ్లకు, పైవాళ్లు అత్తకు. ఆమె సీకాయపొడి గుప్పిళ్లతో పోసి ఆ మనిషిని పసిబిడ్డను రుద్దినట్టు రుద్దింది. నోటెంట నురగ కారుతుంటే తన పైటతో తుడిచింది. మళ్లీ అదే పైట నడుముకు చుట్టుకుంది. ఆమెను కూడా కడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

తర్వాత మాట తేడా వచ్చింది. ఫోను చేయడానికి మనిషి వెళ్లాడు, రేణిగుంట నుంచి వాళ్ల జీపు వస్తుంది, అంతదాకా ఉండాలన్నారు పెద్దవాళ్లు. కదిలిస్తే దోవలో పోతాడు, పోలీసులొచ్చి ఎందుకు కదిపినారంటే ఏం చెబుతారని ఒకాయన అన్నాడు. నాయన కూడా తటపటాయించాడు. అత్త లేచి నిలబడింది. తల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఒకసారి పెద్దోళ్ల మాట ఇన్యాను" అంది. గొంతు పెంచలేదు. "ఏపమండల మీద పండబెట్టి కాసుకోని కూసుంటిమి. ఈసారి ఎవురి మాటా ఇనను. అన్నా, రోడ్డు మీద ఏది వస్తే దాన్ని ఆపు. బిన్నా, ఆలస్యం సెయ్యొద్దు!"

అందరి తలలూ దిగిపోయాయి. అవ్వ ఒక్కతే, "ఏంరా సూస్తా నిలబడినారు, మంచం తెండి" అంది.

రోడ్డు మీద ఇటుకల లారీ ఆగింది. డ్రైవరు సాయిబు, పెద్దాయన. తివారిని చూసి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. క్లీనరూ మగవాళ్లూ కలిసి ఇటుకలు కొన్ని రోడ్డు పక్కకు దించి మంచానికి చోటు చేశారు. సెల్వం ముందు సీట్లో ఎక్కబోతూ నా భుజాలు పట్టుకుని, "డాక్టరుకి మందు పేరు సొల్లాలి. నాకు ఏమన్నా అయితే నువ్వు సొల్లు. ఫాస్ఫమిడాన్. సొల్లు!" అన్నాడు. నేను అన్నాను. అతనికేమీ కాలేదు గానీ, తిరుపతి చేరేదాకా నేను ఆ పేరు జపం చేస్తూనే ఉన్నాను. ఇన్నేళ్లలో ఎన్నో శ్లోకాలు మరిచిపోయాను, ఆ పేరు పోలేదు.

లారీ వెనక అత్త మంచం పక్కన కూలబడి, తివారి తలను ఒళ్లో పెట్టుకుంది. ఆమె ముఖమంతా చెమటలు. తడిసిన గుడ్డల వల్ల అనుకున్నాను. కాసేపటికి అత్త, "ఏమే పద్మా, అప్పుడే పొద్దుగూకతా ఉండాదా? సీకటైపోతా ఉండాది" అంది. పట్టపగలు. ఎండ కళ్లలో పొడుస్తోంది. నేను ఆమె ముఖంలోకి చూశాను. కంటిపాపలు రెండూ ఆవగింజలంత అయిపోయి ఉన్నాయి. పెదవుల చివర నీరు కారుతోంది. "అత్తా, నీకూ ఎక్కిందే!" అన్నాను. "ఎక్కనీ. నువ్వు అరవొద్దు, ఈ అబ్బి బెదురుకుంటాడు" అంది.

తిరుచానూరులో లారీ ఆగిపోయింది. అమ్మవారి బ్రహ్మోత్సవాలు. దోవ నిండా జనం, పూలబుట్టలు, గాజుల అంగళ్లు. డ్రైవరు హారను మోగిస్తూనే ఉన్నాడు, ఆ మేళతాళాల్లో ఎవరికి వినపడుతుంది? నేను ఇటుకల మీద ఎక్కి నిలబడి, "ప్రాణం పోతా ఉండాది, దావియ్యండి!" అని అరిచాను. అంతకుముందు నేను నలుగురిలో గట్టిగా మాట్లాడి ఎరుగను. పెద్ద తిరునామం పెట్టుకున్న ఒక ముసలాయన లారీ మీదికి తొంగి చూసి, తన పైపంచె తీసి గాలిలో ఊపుతూ, "గోవిందా, తొలగండి! గోవిందా, తొలగండి!" అని లారీ ముందు పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఆ కేకను ఒకరి నుంచి ఒకరు అందుకున్నారు. పూలమ్మే ఆడవాళ్లు బుట్టలు ఈడ్చేసుకున్నారు. జనం గోడలకు అంటుకుపోయారు. లారీ ఆ గోవిందల మధ్యలోంచి కదిలింది. అత్త కళ్లు మూసుకునే ఉంది. తల కాస్త పైకెత్తింది.

"మరువం" అంది. "మరువం వాసనొస్తా ఉండాది. తిరుచానూరు వచ్చినట్టుండాది గదా?"

"అవునత్తా" అన్నాను. ఆమె ముక్కు గుర్తుపట్టిన ఆఖరి వాసన అదేనని అప్పుడు నాకెలా తెలుస్తుంది?

ఆసుపత్రిలో డాక్టరు అడగకముందే నేను ఆ పేరు చెప్పేశాను. సెల్వం కూడా చెప్పాడు. ఇద్దరం ఒకేసారి చెబుతుంటే ఆయన చెయ్యెత్తి ఆపి, నర్సుకు సూదిమందు చెప్పి, తివారి వైపు కదిలాడు. ఆ మంచం వెనకే వస్తున్న అత్త ద్వారబంధం పట్టుకుని మెల్లగా జారి కూర్చుంది. ఒక పక్క ఆమెకు, ఒక పక్క ఆయనకు సూదులు వేశారు, మళ్లీ మళ్లీ వేశారు. మధ్యలో ఒకసారి అత్త ఊపిరి గురగురమని ఆగిపోయినట్టయింది. నాయన అప్పుడే వచ్చి, అది చూసి, వార్డు గోడకు తల ఆనించుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. ఆమె పక్కన కూర్చుని ఆమె బొటనవేలు పట్టుకుని ఉండిపోయాను. మరుసటి పొద్దున అత్త కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "ఆయబ్బి ఉండాడా?" అని. ఉన్నాడు. కాలికి కట్టు కట్టారు, నుదుటికి కుట్లు వేశారు. తర్వాత వాళ్ల వాళ్లు వచ్చి ఆయనను మద్రాసుకు తీసుకుపోయారు. మంచం మీద మోసుకుపోతుంటే ఆయన చెయ్యి చాచాడు. అత్త దాన్ని అందుకుని, "పోయి రా నాయనా" అంది. ఆ మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది.

ఇంటికి వచ్చాక కొన్నాళ్లు ఊరంతా మా ఇంట్లోనే ఉన్నారు. ఆ బావి నీళ్లు తోడి పారబోయడానికి వంతులు వేసుకున్నారు. అదంతా సద్దుమణిగిన ఒక పొద్దున అమ్మ పాలు పొయ్యి మీద పెట్టి, అత్తను చూడమని చెప్పి కొట్టంలోకి వెళ్లింది. నేను తిన్నె మీద ఏదో చదువుకుంటున్నాను. పాలు మాడిన కంపు ముక్కు బద్దలుకొట్టింది. లోపలికి పరుగెత్తితే గిన్నె నల్లగా మాడిపోయి పొగలు కక్కుతోంది. అత్త దాని పక్కనే, పొయ్యికి వీపు పెట్టి చిక్కుడుకాయలు వొలుస్తూ కూర్చుని ఉంది. నన్ను చూసి, "ఏమే, అట్ల వస్తివి?" అంది. నా చూపు వెంబడి తిరిగి గిన్నెను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చేతిలోని చిక్కుడుకాయ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. లేచి వెళ్లి ఇంగువ డబ్బా మూత తీసింది. మిరియాలు నలిపింది. పెరట్లోకి వెళ్లి మరువం తుంచింది. ఒక్కొక్కటీ ముక్కుకు ఆనించుకుని, కింద పెట్టేసి, ఆఖరికి గొడ్ల కొట్టంలోకి వెళ్లి మా కర్రావు మెడలో ముఖం దాచుకుని నిలబడిపోయింది. తిరిగి వస్తుందేమో, రాదేమో, చెప్పలేమన్నారు డాక్టర్లు. రాలేదు.

ఆ ఏడు బెల్లం వంటకు ఆమె గానుగ దగ్గరికి రానంది. నాయన గరిటెతో చూసి దించిన మొదటి పెనం ముదిరిపోయింది. రెండోది జారిపోయింది. అవ్వ నన్ను పిలిచి, "నీ ముక్కు బాగుండాది గదా. మీ అత్తను పిలుసుకోని పో" అంది. సెలవులు అయిపోయినా నేను ఆ నెలంతా కాలేజీకి వెళ్లలేదు. అత్త పొయ్యికి దూరంగా, ఎప్పుడూ నిలబడే చోటే కళ్లు మూసుకుని నిలబడింది. నేను పక్కన.

"వాసన సెప్పే" అంది.

"తియ్యగా ఉందత్తా."

"తియ్యగా ఉండేది నాలిక్కి. ముక్కుకు ఎట్లుండాదో సెప్పు."

నేను తడుముకున్నాను. "పచ్చిగడ్డి కోసినప్పటి మాదిరి."

"ఇంకా పచ్చే. ఉండు." కాసేపాగి, "ఇప్పుడు?"

"ఉడకబెట్టిన జొన్నకంకి."

"ఆఁ. ఇంగ నిద్రపోవద్దు. దాని తర్వాతిది సెప్పాల."

దాని తర్వాతిది వచ్చినప్పుడు నాకు మాట దొరకలేదు. పొగ, తేనె, వేడి ఇనుము, ఏదీ కాదు. "అత్తా, అవ్వ పెట్టెలోంచి పట్టుచీర తీసినప్పుడు..." అన్నానో లేదో ఆమె కళ్లు తెరిచి, "దించండి!" అని కేక వేసింది. ఆ పెనం బెల్లం బంగారంలా వచ్చింది. అత్త ముక్క విరిచి నోట్లో వేసుకుని, నమిలి, నా వైపు చూసి తల ఊపింది. ఆమెకు తీపి తప్ప ఇంకేమీ తెలియదని నాకు తెలుసు.

అలా మొదలైంది. తర్వాత ఇంటికి ఎప్పుడు వెళ్లినా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగేది. వాన వస్తుంటే, మామిడి పూత రాలుతుంటే, తమ్ముడికి పుట్టిన బిడ్డకు తలంటి సాంబ్రాణి వేస్తే. "వాసన సెప్పే." బాగుంది అంటే ఒప్పుకునేది కాదు. దేనిలా ఉందో చెప్పాలి, ఆమెకు తెలిసిన దానిలా ఉండాలి. ఈ నాలుగు అక్షరాలు రాయడం నాకు ఎక్కడ అబ్బిందని సభల్లో అడిగితే చదివిన పుస్తకాల పేర్లు చెబుతూ వచ్చాను. అసలు బడి ఆ గానుగ పొయ్యి.

ఇప్పుడు మా తమ్ముడి తోటలో మందు కొట్టడానికి డ్రోను వస్తుంది. తిరుపతి నుంచి ఇద్దరు కుర్రవాళ్లు దాన్ని బండి మీద తెచ్చి, గట్టు మీద గొడుగు కింద నిలబడి, చేతిలో పెట్టెతో నడుపుతారు. పడిపోతే పడిపోయేది యంత్రమే, అందులో మనిషి లేడు. ఎవరికైనా ఏమైనా అయితే ఫోను చేస్తే అంబులెన్సు మా గుమ్మం ముందుకే వస్తుంది. ఆ రోజులు మంచివని నేను అనను. మామను చంపినవీ ఆ రోజులే, అత్త ముక్కును తీసుకున్నవీ ఆ రోజులే. ఒక మనిషిని కాపాడటానికి ఊరంతా విషంలో చేతులు పెట్టవలసిన అవసరం ఎవరికీ రాకూడదు. అయినా మొన్న దినాలు ముగిసి అందరూ వెళ్లిపోయాక పెరట్లో నిలబడితే, చెరకుతోట మీదుగా గాలి వచ్చింది. దానిలో ఏముందో చెప్పడానికి నోరు తెరిచాను. వినేవాళ్లు లేరు. వాసన నా ఒక్కదానికే మిగిలిపోవడం ఎంత వెలితిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

తివారి మళ్లీ ఒకసారి వచ్చాడు. ప్రమాదం జరిగిన మరుసటి ఏడు, ఎండలు ముదిరిన కాలం. చేతికర్ర ఊతంతో కాస్త కుంటుతూ, ఒక్కడే రేణిగుంటలో రైలు దిగి, జట్కా మాట్లాడుకుని వచ్చాడు. ఇక విమానం నడపనివ్వరట, ఆఫీసులో పని ఇచ్చారట. ఆయన తిన్నె మీద కూర్చుని అవ్వ కాళ్లకు దండం పెడుతుంటే, అత్త నన్ను వంటింట్లోకి లాగి, "నా ముక్కు సంగతి ఆ అబ్బికి తెలియకూడదు. ఎవురన్నా నోరు జారితే నువ్వు తర్జుమా సెయ్యొద్దు. ఇంటా ఉండావా?" అంది. సరేనన్నాను. ఆమె ఆ రోజు ఊరిబిండి నూరింది. నేను పక్కన నిలబడి గింజలు ఎప్పుడు వేగాయో చెప్పాను. తివారి వేళ్లు నాక్కుంటూ తిన్నాడు.

తిన్నాక సంచిలోంచి చిన్న గాజు బుడ్డి తీసి రెండు చేతులతో అత్తకు అందించాడు. వాళ్ల వైపు అత్తరు కాచే ఊరు ఒకటి ఉందట. అక్కడ పూలతోనే కాదు, మట్టితో కూడా కాస్తారట. ఎండిన నేల మీద తొలివాన పడ్డప్పుడు లేచే వాసన ఉంటుందే, దాన్నే పట్టి ఈ బుడ్డిలో పెట్టారట. దీదీకి వాసనలంటే ఇష్టమని నాకు గుర్తు, అందుకే తెచ్చాను అన్నాడు. ఎలాగో చెప్పాను, "తొలివాన పడినప్పటి మట్టి వాసనంట అత్తా. నీకోసమని తెచ్చినాడంట."

అవ్వ వక్కాకు నమలడం ఆపింది. అమ్మ తల తిప్పుకుంది. అత్త బిరడా తీసి బుడ్డిని ముక్కు కింద పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ తెరవలేదు. తివారి ముందుకు వంగి, చిన్నపిల్లవాడు పరీక్ష మార్కుల కోసం చూసినట్టు ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఆమె ముఖంలో మెల్లగా ఏదో విచ్చుకుంది. ఆమె నటిస్తోందని అనుకున్నాను. కానీ నటించేవాళ్ల కనురెప్పలు అలా వణకవు. ముక్కుకు అందనిదాన్ని ఆమె తలపులోంచి తీస్తోంది.

"మిట్టసేను" అంది అత్త. "మబ్బు ఇంకా రాలేదు. గాలి ఒగటే వచ్చింది. వడ్లు ఎత్తాల." కళ్లు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుంది. "ఆయబ్బికి సెప్పే, సరిగ్గా అదేనని."

చెప్పాను.